కనపడమన్నారు

పరంజ్యోతి మాస్టారిని ఏదైనా ప్రశ్న అడిగితే సూటిగా జవాబు రాదు. ముందు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుస్తారు. అది అయ్యేలోగా అడిగినవాడు తన ప్రశ్నని తనే ఒకసారి మనసులో నెమరేసుకుంటాడు. ఆ తర్వాత ఎక్కడో, ఎవరికో జరిగిన చిన్న సంగతి ఒకటి చెబుతారు. అంతే. అందులోంచి ఏరుకోవడం మన పని. ఇంజనీరింగు కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి. ఇంటిల్లిపాదిలో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లలు ఆదివారం పూట ఆయన వరండాలో చేరుతుంటారు. పదో తరగతితో చదువాపేసిన నాబోటి పెద్దవాళ్ళం కూడా ఓ పక్కన చేరతాం. పిల్లలు వచ్చేది ఉద్యోగాల కోసం, మేం వెళ్ళేది ఆయన మాట కోసం. ఆ చెప్పే తీరు అలాంటిదండీ, పక్కింట్లో పెళ్ళి భోజనాలు వడ్డిస్తున్నా లేచి పోబుద్ధి కాదు!

ఆ ఆదివారం అడిగినవాడు నూకరాజు. వాడిది సముద్రంలో వేటకెళ్ళే కుటుంబం. వాడు మాత్రం ఇంజనీరింగు ఆఖరి సంవత్సరంలో ఉన్నాడు. విశాఖపట్నంలో పనిచేసే సీనియరొకాయన "నాకు ఫోన్ చెయ్యి, మా కంపెనీలో మాట్లాడదాం" అని నంబరిచ్చి చాలా కాలమైంది. వీడు ఇంతవరకూ చెయ్యలేదు.

"గురువుగారూ, నాకు మార్కులున్నాయి, పనొచ్చు. అవి చూసి వాళ్ళే పిలవాలి గానీ, నేనెళ్ళి ఒకరిని అడగడమేంటండీ? అడగడానికీ అడుక్కోడానికీ తేడా ఎంతండీ?"

"మరయితే నీ మార్కులు బస్సెక్కి విశాఖపట్నం వెళ్తాయేంట్రా?" అన్నాడు వెనకనుంచి ఎవడో. పిల్లలంతా గొల్లుమన్నారు. మాస్టారు మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు తుడిచి ఇలా చెప్పుకొచ్చారు.

ఆయన దగ్గర చదువుకున్న పిల్లల్లో సత్యవేణి అని ఒక అమ్మాయి. ఆమె తల్లి కాసులమ్మ స్లాబులకి కాంక్రీటు తట్టలు మోసే మనిషి. తెల్లారేసరికి కూలీల అడ్డాకి వెళ్ళి నిలబడేది. మేస్త్రి బండి మీద వచ్చి ఆగుతాడు, వరసంతా చూస్తాడు, నువ్వూ నువ్వూ అని వేలు చూపిస్తాడు. "నన్ను తీసుకెళ్ళు బాబూ" అని ఎగబడినదాన్ని తీసుకోడు, అలాంటిది పనిలోనూ నోరు చేసుకుంటుందని వాడి అనుమానం. కూర్చున్నదాన్ని అసలే తీసుకోడు, ఒంట్లో బాలేదనుకుంటాడు. నిటారుగా నిలబడాలి, కనపడాలి, నోరు మెదపకూడదు. కాసులమ్మ ఏనాడూ ఖాళీగా ఇంటికి తిరిగి రాలేదు. ఆ నిలబడడం మీదే కూతుర్ని సివిల్ ఇంజనీరింగు దాకా చదివించింది.

సత్యవేణి చదువు అయిపోవస్తుండగా కాలేజీకి వేదగిరి గారని ఒక పెద్ద ఇంజనీరు వచ్చారు. వంతెనలకి డిజైన్లు గీసే ఆఫీసు ఆయనది. పిల్లలు చేసిన నమూనాలు చూసుకుంటూ వచ్చి ఈ అమ్మాయి దగ్గర ఆగారు. గోదావరి ఇసకలో వంతెన స్తంభాన్ని ఎంత లోతుకి దింపాలో, ఎందుకు దింపాలో ఆ పిల్ల గలగలా చెబుతుంటే, ఆయన తల వంచి నమూనానే చూస్తూ చివరిదాకా విన్నారు. "పరీక్షలయ్యాక మా ఆఫీసుకొచ్చి ఒకసారి కనపడమ్మా" అన్నారు. మర్యాదకి అన్న మాట కాదది. ఆఫీసులో ఒక చోటు ఖాళీగా ఉంది. అది ఈ పిల్లకేనని ఆయన అక్కడే అనేసుకున్నారు.

పరీక్షలయ్యాయి. బయల్దేరే రోజున కాసులమ్మ కూతుర్ని గుమ్మంలో ఆపింది.

"ఏమన్నారే ఆయన, మళ్ళీ చెప్పు."

"కనపడమన్నారమ్మా."

"ఓసి పిచ్చి మొహమా, దానికింత బెంగా? కనపడడం మనకి రాని విద్యా! గుమ్మానికి ఎదురుగా నిలబడు. కూచోమన్నా కూచోకు. చూపు కలిశాక తల దించు. ముందు నువ్వే మాట్లాడావా, పొగరనుకుంటారు."

సత్యవేణి అలాగే చేసింది. ఆఫీసు అటెండరు పోలయ్య పలకరించాడు.

"ఎవరి కోసమమ్మా?"

"సారు కనపడమన్నారండి."

"పేరు చెప్పు, లోపల చెబుతాను."

"వద్దండి, ఆయనకి నేను తెలుసు."

"పోనీ కూర్చోమ్మా, కుర్చీకి అద్దె అడగంలే."

ఆ పిల్ల నవ్వింది గానీ కూర్చోలేదు. కాసేపటికి వేదగిరి గారు ఫోను చెవిన పెట్టుకుని బయటికొచ్చారు. ఎదురుగా నిలబడిన అమ్మాయిని చూసి, ఎక్కడో చూసినట్టుందే అనుకుని, చిన్నగా నవ్వి వెళ్ళిపోయారు. సత్యవేణి తల దించింది. ఇక చూడండి, ఆ సాయంత్రం కాసులమ్మ కోడిని కోసింది! "చూశారంట, నవ్వారంట" అని వీధంతా చెప్పుకుంది.

మర్నాడూ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. ఆయన వస్తూ పోతూ చూస్తూనే ఉన్నారు. లోపల పనిచేసే ఎవరి తాలూకో అయ్యుంటుంది, పనుంటే తనే అడుగుతుందిలే అనుకున్నారు. "నువ్విలా రోజూ నిలబడితే, స్తంభమనుకుని మావాళ్ళు నీకు సున్నం కొట్టేస్తారమ్మా" అన్నాడు పోలయ్య. దానికీ నవ్వింది.

ఒకరోజు ఒక కుర్రాడొచ్చాడు. తండ్రి కాంట్రాక్టరు. తలుపు తట్టి "అంకుల్, రావచ్చా?" అంటూనే లోపలికెళ్ళాడు. చెడ్డవాడేం కాదు, బయటికొచ్చాక "మీరూ వెళ్ళండి సిస్టర్, ఏమీ అనరు" అని కూడా చెప్పాడు. సత్యవేణి తల అడ్డంగా ఊపింది. ఎగబడేవాళ్ళని తీసుకోరని ఆ పిల్లకి చిన్నప్పటినుంచీ తెలుసు మరి.

నెలాఖరు దాకా చూసి వేదగిరి గారు, ఇసక సంగతి చెప్పిన ఆ తెలివైన పిల్లకి ఇంతకన్నా మంచి ఉద్యోగమే దొరికి ఉంటుందిలే అనుకున్నారు. ఆ చోటు కుర్రాడికిచ్చారు. వాడు ఆఫీసంతా స్వీట్లు పంచుతూ గుమ్మంలో నిలబడ్డ సత్యవేణి చేతిలోనూ ఒకటి పెట్టాడు. స్వీటెందుకని ఆ పిల్ల పోలయ్యని అడిగి తెలుసుకుని, దాన్ని చేతిలో పట్టుకునే మెట్లు దిగి వెళ్ళిపోయింది.

తర్వాత కాలేజీలో పట్టాలిచ్చే రోజున వేదగిరి గారు మళ్ళీ వచ్చారు. పరంజ్యోతి మాస్టారు ఆయన పక్కనే ఉన్నారు. వెనకాల స్నేహితురాళ్ళతో ఎవరో మాట్లాడుతుంటే ఆ గొంతు విని వేదగిరి గారు గిరుక్కున తిరిగారు.

"ఇసకలో స్తంభం చెప్పిన అమ్మాయివి కదూ! ఏమ్మా, రమ్మంటే రానేలేదు?"

"వచ్చానండి. రోజూ కనపడ్డాను."

ఆయన ఆ అమ్మాయి మొహంలోకి తేరిపార చూశారు. "ఆ గుమ్మం దగ్గర... అది నువ్వా? మరి ఒక్క మాట అడగలేదేమమ్మా?"

"మీరు పిలవలేదు కదండీ."

వేదగిరి గారి చేతిలో కూల్‌డ్రింకు అలాగే ఉండిపోయింది. "ఇంకో ఖాళీ వస్తే..." అన్నారు.

మాస్టారు అక్కడితో ఆపేశారు. ఇందాక నవ్వించిన కుర్రాడు నేల చూపులు చూస్తున్నాడు. నూకరాజే మెల్లిగా అడిగాడు.

"ఇప్పుడెక్కడుందండీ ఆ అక్క?"

"సిమెంటు కొట్టులో బిల్లులు రాస్తోంది."

"ఎవరిది తప్పంటుందండీ?"

"ఎవరినీ ఏమీ అనదురా. మొన్న కనపడితే నేనే కదిపాను. 'ఇంకాస్త వెలుతురున్న చోట నిలబడాల్సిందండి మాస్టారూ' అంది."