అయ్యగారి ఎర్ర పెన్సిలు

అనగా అనగా కృష్ణ ఒడ్డున, జనం కంటే మాటలు ఎక్కువున్న ఒక లంక ఊళ్ళో, ఒక పాస్టరుగారు ఉండేవారు. పేరు దైవాధీనం. ఊరంతా అయ్యగారూ అనే పిలిచేవాళ్ళు. మనిషి మంచివారేరా కన్నా. పాట ఎత్తుకుంటే వినబుద్ధేసేది. ప్రసంగం ఎత్తుకుంటేనే, చెప్పులు ఎక్కడ వదిలామా అని జనం గుమ్మం వైపు చూసేవాళ్ళు.

ఎందుకంటే ఆయనకో అలవాటు ఉండేది. పొద్దున్నే బైబిలు తెరిచి, చెవి మీదున్న ఎర్ర పెన్సిలు తీసేవారు. నాలుగు మాటలు చదివేవారు. "ఆహా, ఇది ఫలానావాళ్ళకి గట్టిగా తగలాలి" అనుకుని, అంచున వాళ్ళ పేరు రాసేవారు. ఆ తర్వాత ఆదివారం, వాళ్ళ వైపే చూస్తూ ఆ మాటలు చదివేవారు. నవ్వకు. మీ అమ్మమ్మ చదివింది మూడో తరగతి, అదీ రెండేళ్ళు. అయినా తన బైబిల్లో మీ తాతయ్య పేరు నాలుగు చోట్ల రాసుకుంది.

అలా రాయగా రాయగా, మూడు కుటుంబాలు మందిరానికి రావడం మానేశాయి. అప్పుడు సంఘపెద్ద ఎలీషా వచ్చాడు. "అయ్యగారూ, వచ్చే ఆదివారం కూడా మమ్మల్ని ఇలాగే ఉతికితే, సంఘం మీకు సెలవు చెప్పేస్తుందండి. తర్వాత నన్ననుకోవద్దు" అని చెప్పి వెళ్ళాడు.

 అయ్యగారు ఇరవయ్యేళ్ళుగా ఆ ఊరి బిడ్డలకి పేర్లు పెట్టిన మనిషి. ఆ మందిరం గోడలకి ఇటుకలు మోసిన మనిషి. ఇప్పుడు ఎక్కడికి పోతారు? ఈసారి మంచి ప్రసంగం చెయ్యాలనుకున్నారు. తీరా మర్నాడే కంటికి శుక్లం ఆపరేషన్. ఒక కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టారు. రెండో కన్ను ముందునుంచీ మసకే. పది రోజులు పుస్తకం పట్టొద్దన్నాడు డాక్టరు. ఇక ఎవరైనా చదివి వినిపించాల్సిందే.

మొదటి రోజు, సండే స్కూల్ టీచరు లేయమ్మ వచ్చింది. గడగడా చదువుతోంది. ఉన్నట్టుండి ఆగింది.

"ఆగావేమ్మా?"

"నోరు అదుపులో పెట్టుకోమన్న చోట నా పేరుందండి."

పేర్ల సంగతి అయ్యగారికి అప్పుడు గుర్తొచ్చింది. ఆయన దగ్గారు.

"నా పేరు కింద రెండు గీతలు కూడా ఉన్నాయి. రెండెందుకండీ?"

"అదీ... పెన్సిలు జారిందమ్మా."

"రెండుసార్లా?" అని లేయమ్మ లేచింది. పొయ్యి మీద పాలున్నాయంటూ వెళ్ళిపోయింది. ఆ పాలు పొంగేలోపే ఊరంతటికీ సంగతి తెలిసిపోయింది.

రెండో రోజు ఎలీషా వచ్చాడు. చదివి పెట్టడానికి కాదురా, తన పేరు వెతుక్కోడానికి. సోమరిపోతుని చీమల దగ్గరికి పంపించిన చోట దొరికింది.

"అయ్యగారూ, మందిరంలో నాకు నిద్ర సోమరితనం వల్ల రాదండి. మీ ప్రసంగం వల్ల వస్తుంది. ఆదివారం అందరం తేల్చుకుందాం" అని బైబిలు మూసి, కళ్ళకద్దుకుని, విసురుగా వెళ్ళిపోయాడు.

మూడో రోజు ఎవరూ రాలేదు. అప్పుడు అయ్యగారి భార్య కృపామణి బైబిలు తీసింది. ఆవిడకీ దొరికింది. సణిగే ఇల్లాలు వానకి కారే ఇంటికప్పు లాంటిదన్న చోట.

"ఏవండీ, మన రేకులు నిజంగానే కారుతున్నాయి. బాగు చేయించండని మూడేళ్ళుగా చెబుతున్నా. మీకు వినిపించిన సణుగుడు అదేనా?"

 అయ్యగారు మెల్లిగా అడిగారు. "కృపా, నా పేరు ఎక్కడైనా ఉందా?"

ఆవిడ అటు తిప్పింది, ఇటు తిప్పింది. "ఉందండీ, మూడు చోట్ల. ఆయుష్షు పెరుగుతుందన్న చోట. శత్రువులు ఓడిపోతారన్న చోట. పెద్దపీట దొరుకుతుందన్న చోట."

 "పోనీ, గుడికి ప్రార్థనకెళ్ళిన ఆ ఇద్దరి సంగతి చదువు" అన్నారు.

ఆవిడ చదివింది. ఒకాయన నిటారుగా నిలబడి, తనని మిగతావాళ్ళలా పుట్టించనందుకు దేవుడికి వందనాలు చెప్పాడు. ఇంకొకాయన దూరంగా నిలబడి, తల కూడా ఎత్తకుండా, నన్ను కరుణించు అన్నాడు.

"మొదటాయన పక్కన ఎవరి పేరుంది?"

"పక్క సంఘం పాస్టరు కరుణాకరంగారిది."

"రెండో ఆయన పక్కన?"

"ఎవరిదీ లేదండీ. ఖాళీ."

అయ్యగారికి ఆ పొద్దున తాను చేసిన ప్రార్థన గుర్తొచ్చింది. అదేమిటో తెలుసా? 'ప్రభువా, నన్ను ఆ కరుణాకరంలా చెయ్యనందుకు స్తోత్రం!'

"మళ్ళీ చదువు" అన్నారు. చదివింది. "ఇంకోసారి" అన్నారు. ఆ మూడోసారి ఆయన ప్రసంగం కోసం వినలేదురా కన్నా. తన కోసం విన్నారు. ఆకుపచ్చ గుడ్డ తడిసిపోయింది. "కంట్లో మందు వేశాక ఏడిస్తే ఎలాగండీ?" అని కసురుతూనే ఆవిడ తుడిచింది.

ఆదివారం వచ్చింది. మందిరం కిటకిటలాడింది. మానేసిన మూడు కుటుంబాలు కూడా తమాషా చూద్దామని ముందు వరసలోనే కూర్చున్నాయి. అయ్యగారు ప్రసంగ వేదిక ఎక్కలేదు. కిందే, చాప మీద నిలబడ్డారు. 

"ఇన్నాళ్ళూ ఈ పుస్తకాన్ని మీ మీద విసరడానికే చదివాను. దేవుడు నాతో ఏమంటున్నాడో ఒక్కరోజూ వినలేదు. క్షమించండి. ఈవేళ ప్రసంగం లేదు. మీరు చదవండి, నేను వింటాను. ఆ తర్వాత, వెళ్ళమంటే వెళ్తాను" అని కూర్చున్నారు.

  అప్పుడు వెనకనుంచి పడవ నడిపే గిద్యోను లేచాడు.

"అందరి పేర్లూ రాశారంట, నా పేరు లేదంట! పాతికేళ్ళుగా ఇంత తాగుతున్నానే, నేను కంటికి ఆనలేదా అయ్యగారూ?"

మందిరమంతా ఘొల్లుమంది. అయ్యగారూ నవ్వారు. కృపామణి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు తగ్గేదాకా ఆగి, ఎలీషా గొంతు సవరించుకున్నాడు.

"మీరు వెళ్ళొద్దు లెండి. కొత్త పాస్టరొస్తే, మా తప్పులన్నీ ఆయనకి మొదట్నుంచీ చూపించాలి. మాకంత ఓపిక లేదు" అన్నాడు. ఆ తర్వాత తనూ వచ్చి అయ్యగారి పక్కనే చాప మీద కూలబడి, బైబిలు తెరిచి చదవడం మొదలుపెట్టాడు.

కథేమో కంచి దారి పట్టింది,
కంటికేమో కునుకు పట్టింది.
అయ్యగారేమో చాప మీదికి,
మనమేమో దుప్పటి లోపలికి.