నాంచారమ్మ వదలని పీటముడి

మిఠాయి కొట్టులో పులుస్తున్న జిలేబీ పిండిలో, కంటికి ఆననంత చిన్న ఈస్ట్ కణంలో, నాంచారమ్మ అనే ఎంజైమ్ ఉండేది; పనిలో దిట్టే కానీ ఒట్టి మొండిది. నవ్వకండి! ఎంజైములు లేకపోతే కణంలో ఒక్క పనీ జరగదు.

ఆ కణం ఎలా బతకాలో అంతా డీఎన్ఏ అనే పొడవాటి దారం మీద రాసి ఉండేది. కణం రెండయ్యే ముందు ఆ దారానికి అచ్చు అలాంటి జోడు తయారయ్యేది. ఒక దారం ఎక్కడైనా తెగితే, రెండోదాన్ని పెనవేసుకుని, పోయిన అక్షరాలు చూసి రాసుకునేది. బాగానే ఉంది కానీ, రాసుకున్నాక రెండూ చిక్కుపడేవి. ఆ చిక్కులు విప్పడమే నాంచారమ్మ పని. విడనివాటిని వీరేశం అనే మరో ఎంజైమ్ కత్తిరించాలి. కణం చీలే వేళయిందని కబురొచ్చేదాకా మాత్రం అతడు కత్తెర ముట్టకూడదు. అది అక్కడి కట్టుబాటు.

"నా చేతిలో విడని చిక్కా? కత్తెర పడితే నా పరువేం కాను!" అనేది నాంచారమ్మ.

ఒకరోజు కణం పక్కన చిన్న పిల్లకణం మొలిచింది. ఒక దారం దానికి వెళ్లాలి. నాంచారమ్మ చిక్కులన్నీ విప్పింది కానీ, ఒక్క పీటముడి మిగిలిపోయింది. ఇంతలో కబురొచ్చింది. వీరేశం పరుగెత్తుకొచ్చాడు.

"తప్పుకో అత్తా, నేను కోస్తాను" అన్నాడు.

"పోరా! ఇంకొక్క మెలికే ఉంది."

"ఇందాకట్నుంచీ అదే మాట!"

కణం చీలడానికి దారాలను చెరోవైపూ లాగడం మొదలైంది. దారాలు బిగుసుకుని కిర్రుమన్నాయి.

"అమ్మో, నా దారం తెగిపోతోంది!" అని పిల్లకణం ఏడ్చింది. విడిపోయే వేళ తెగితే, చూసి రాసుకోవడానికి జోడు దారం పక్కన ఉండదు, రాతలో సగం పోతుంది. పాపం, ఆ పసిది బతకదు. నాంచారమ్మ ముడి వదిలేసింది.

"నా పరువు మండిపోనూ! కొయ్యరా నాయనా, త్వరగా!" అంటూ పక్కకు జరిగింది.

వీరేశం సరిగ్గా దారాలు దాటుకునే చోట టక్కుటక్కున కోశాడు. కొసలు అతుక్కున్నాయి. ఈ దారం కొస అటూ, ఆ దారం కొస ఇటూ మారాయి. రెండింటి మీదా ఒకే రాత కదా, ఒక్క అక్షరమైనా పోలేదు. పిల్లకణం ఆలస్యంగానైనా తన దారం తీసుకుని హాయిగా పిండిలోకి జారింది.

"నువ్వు అన్నీ విప్పబట్టే కదత్తా, నాకు ఒక్క ముడే మిగిలింది" అన్నాడు వీరేశం.

"చాల్లేరా, కాకా పట్టకు" అంది కానీ, నాంచారమ్మ మొహం విప్పారింది. ఆ తర్వాతెప్పుడూ కబురు రాగానే వీరేశాన్ని తనే కేకేసి పిలిచేది.

నీతి: మన చేతనైనంతా ఓపిగ్గా చేయాలి, మనవల్ల కానిదాన్ని, పరువుకు పోకుండా, వేళ మించకముందే చేతనైనవాళ్లకు అప్పగించాలి.