గానుగ దొడ్డిలో మోగని గంట

ఊరి చివర గానుగ దొడ్డిలో వీరన్న అనే ఎద్దు ఉండేవాడు. కళ్ళకి గంతలు, మెడ మీద కాడి. పొద్దు పొడిచింది మొదలు నువ్వుల గానుగ చుట్టూ నడకే పని.

దొడ్డిలో ఎవరికి ఏ అవసరం వచ్చినా వీరన్నకే చెప్పాలి. అలాగని ఊరికే వచ్చి చెబితే కుదరదు. దూలానికి ఒక గంట కట్టి, దాని తాడు వాకిలి దాకా లాగి పెట్టారు. ఆ తాడు లాగి గంట కొట్టాలి. గంట మోగితే వీరన్న ఎక్కడున్నవాడు అక్కడే ఆగుతాడు. మళ్ళీ అక్కణ్ణుంచే నడవాలి కనక గిట్టతో ఒక గీత గీస్తాడు. తర్వాత తాడుని కొమ్ముతో ఎత్తి గానుగ పక్కనున్న మేకుకి తగిలిస్తాడు. ఇక వాకిట్లో ఎవరు లాగినా గంట కదలదు. ఒకరు చెబుతుంటే మరొకరు మోగిస్తే ఇద్దరి మాటా తలకెక్కదని ఆ ఏర్పాటు. వచ్చినవాళ్ళ సంగతి రెండు ముక్కల్లో విని, పని గాడిద గంగులుకి అప్పజెప్పి, తాడు వదిలేసి మళ్ళీ నడక. పని గంగులు చేసుకుంటాడు.

ఒకరోజు యజమాని కుక్కని వెంటబెట్టుకుని సంతకి పోయాడు. నక్కకి ఆ సంగతి తెలిసింది. దొడ్డి మూల గంప కింద చుక్కమ్మ అనే కోడి తాలూకు పిల్లలున్నాయి. గంప మీద బరువుగా ఒక రుబ్బురాయి. దాన్ని దొర్లించడానికి నక్క బావమరిదికి కాస్త వ్యవధి కావాలి.

గంట మోగింది. వీరన్న ఆగాడు. గీత గీశాడు, తాడు తగిలించాడు.

"ఎవరది?"

"నేను, నక్కని పెద్దన్నా. దగ్గరకొచ్చి చెవిలో చెబుతా. బావి దగ్గర పడింది."

"ఏం పడింది?"

"పడలేదు. పడబోయింది."

"ఎవరు?"

"ఎవరంటే ఏం చెప్పను. మేకా అంటే మేక కాదు. మేకని చూసిన బాతు చెప్పింది."

"బాతు పడిందా?"

"దానికి ఈతొచ్చు, అదెందుకు పడుతుంది? ఇలా మధ్యలో అడిగితే నీకు అర్థం కాదు. మొదట్నుంచీ విను."

వీరన్నకి ఏం పాలుపోలేదు. పొమ్మందామంటే బావి మాట. ఎవరైనా నిజంగా పడి ఉంటే?

"సరే, మొదట్నుంచీ చెప్పు," అన్నాడు.

తాడు మేకుకే ఉంది.

గింజలేరుకుంటూ చుక్కమ్మ మూల తిరిగేసరికి రుబ్బురాయి సగం దొర్లి ఉంది. వాకిట్లోకి పరుగెత్తి తాడు ముక్కున కరిచి లాగింది. గంట మోగలేదు. తాడు బిగుసుకుంది, అంతే. తనే సరిగ్గా లాగలేదేమో అనుకుంది. కాళ్ళు నేలకి తన్నిపెట్టి లాగింది. మోగలేదు.

పక్కనే గంగులు నిలబడి ఉన్నాడు.

"గంగులూ, గంప దగ్గర నక్క."

"వీరన్న చెప్పాడా?"

"గంట మోగడం లేదురా."

"మోగకపోతే ఆయన చెప్పడు. ఆయన చెప్పకపోతే నేను కదలకూడదు కదక్కా. మొన్న మేక మాట విని నీళ్ళకి పోయి తిట్లు తిన్నది నేనే."

"నీకు కనబడడం లేదా?"

"కనబడుతోంది. ఏం చెయ్యాలో తెలీడం లేదు."

చుక్కమ్మ గొంతు పగిలేలా అరిచింది.

వీరన్న చెవి అటు తిప్పాడు. "కోడెందుకు అరుస్తోంది?"

"గుడ్డు పెట్టినట్టుంది," అంది నక్క. "ఎక్కడిదాకా వచ్చాం?"

"బాతు దగ్గరే ఉన్నాం."

అంతలో వీరన్న మూతి మీద ఏదో వాలి, ముక్కు దగ్గర మెత్తటిచోట గట్టిగా పొడిచింది.

"ఇదేంటి చుక్కమ్మా. తాడు లాగి, వరసలో..."

"గంప," అంది చుక్కమ్మ. ఇంకోసారి పొడిచింది. "గంప."

బావీ, మేకా, బాతూ వీరన్న తలలోంచి ఒక్కసారే పోయాయి.

"గంగులూ, గంప దగ్గరికి," అని రంకె వేశాడు.

ఆ మాట కోసమే ఉన్నట్టు గంగులు దూకాడు. వెనక్కాళ్ళ తాపుకి బావమరిది నక్క కంచె అవతల పడింది. పడ్డది లేచి మళ్ళీ ఇటు చూడలేదు. గంప పక్కకి దొర్లింది. పిల్లలు తలో దిక్కూ చెదిరిపోయాయి. చుక్కమ్మ పిలుస్తూ తిరిగింది. ఒక్కొక్కటీ వచ్చాయి. ఒకటి రాలేదు. మళ్ళీ పిలిచింది. తెలగపిండి బస్తాల వెనకనుంచి ఆఖరిది కుంటుతూ వచ్చింది.

అన్నిటినీ రెక్కల కింద పెట్టుకుని చుక్కమ్మ అడిగింది.

"నేను లాగాను అన్నా. ఎందుకు మోగలేదు?"

వీరన్న కొమ్ముతో మేకు తడిమి తాడు కిందికి దించాడు.

"మరి నేనొస్తా పెద్దన్నా," అంది నక్క.

"అప్పుడేనా? బాతు దగ్గరున్నాం కదా."

"ఇంకో రోజు చెబుతాలే."

"ఇవాళే చెప్పు. నేను నడుస్తూ వింటా."

వీరన్న అడుగు వేశాడు. వెనకనుంచి, కాడికి కట్టిన గానుగ మాను వచ్చి నక్క నడ్డిని తాకింది. నక్క ముందుకి ఉరికింది. వాకిలి వైపు చూస్తే అక్కడ గంగులు వెనక్కాళ్ళు ఇటు తిప్పి నిలబడి ఉన్నాడు. ఆగితే మాను, దాటితే తాపు. బాతు ఏమందో, మేక ఎక్కడికి పోయిందో ఆయాసపడుతూ చెప్పుకుంటూ, సంతకి పోయిన కుక్క తిరిగొచ్చి వాకిట్లో మొరిగేదాకా నక్క గానుగ చుట్టూ పరుగెడుతూనే ఉంది.

ఒకరి గోడు ఎంత ఓపికగా విన్నా, రెండోవాళ్ళ పిలుపు వచ్చే దారి మూసిపెట్టి వినకూడదు.