ఊరు పోగొట్టుకున్న రాతిఈగ

“ముత్యాలూ! ఓ ముత్యాలూ! చీటీలు రాశావా?”

గెడ్డ, అదే కొండవాగు, దాని ఒడ్డునుంచి అలా కేకేసింది ఎవరనుకున్నావు, చిన్నీ? హైమావతి మేడం. పట్నంలో పురుగుల చదువు చదివిన మనిషి. అనగనగా పొద్దున్నే మబ్బులొచ్చి గడపలో కూర్చునే ఒక కొండ ఊళ్ళో జరిగిందిలే ఇదంతా. రాస్తున్నాను మేడంగారూ అని బదులు పలికిన ముత్యాలు ఆ ఊరి పిల్లే. చదివింది ఏడో తరగతి. చేతిరాత మాత్రం జొన్నగింజలు పేర్చినట్టు ఉండేది. అందుకే మేడం ఆ పిల్లని చీటీలు రాసే పనికి పెట్టుకుంది.

ఏం చీటీలంటావా? మేడం గెడ్డల్లో పురుగులు పట్టి స్పిరిటు సీసాల్లో వేసేది. ఒక్కో సీసాలో ఒక చీటీ. ఏ గెడ్డలో దొరికింది, ఏ రోజు దొరికింది అని. జాతకం రాయాలంటే పుట్టిన ఊరూ, రోజూ కావాలా వద్దా? పురుగుకీ అంతే. చీటీ పెన్సిలుతోనే రాయాలని మేడం మొదటిరోజు చెప్పింది. రెండోరోజు చెప్పింది. మూడోరోజూ చెప్పింది.

ఆ వేళ మూడు గెడ్డలు తిరిగారు. చింతగెడ్డ, పాలగెడ్డ, తేనెగెడ్డ. దారి చూపించినవాడు సింహాద్రి. ముత్యాలుకి వరసకి బావ, మాట తక్కువ మనిషి. మధ్యాహ్నం అంబలి తాగేవేళ, సంతలో కొన్న నీలం సిరా పెన్నొకటి ముత్యాలు బుట్టలో పడేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఇంక ఆ పిల్ల కాళ్ళు నేలమీద నిలిస్తేనా? పెన్సిలు గీతలు బూడిదలా కనపడ్డాయి. పెన్ను గీతలు నెమలిమెడలా మెరిశాయి. మూడు చీటీలూ పెన్నుతోనే రాసింది. మడిచి సీసాల్లో వేసింది.

తెల్లారి చూస్తే ఏముంది! స్పిరిటు నీలంగా ఉంది, చీటీలు తెల్లగా ఉన్నాయి.

ఏ సీసా ఏ గెడ్డదో ఎవరు చెప్తారిప్పుడు? మేడం స్నానానికి వెళ్ళింది. ముత్యాలు గబగబా స్పిరిటు పారబోసి కొత్తది పోసింది. అప్పుడు పెన్సిలు పట్టుకుని, గుర్తులేనిచోట ఊహించుకుని, మూడు పేర్లు రాసేసింది. పెన్ను తీసుకెళ్ళి ఇంటి చూరులో దోపింది. చెబితే పని పోతుందని ఒక భయం. ఆ పెన్ను ఎవరిచ్చారే అని అడుగుతారని అంతకంటే పెద్ద భయం.

ఆ తర్వాత మేడం పట్నం వెళ్ళింది. ఒక్కో పురుగునీ, దాని చీటీతో సహా, కొత్త గాజుసీసాలోకి మార్చింది. భూతద్దం కింద పెట్టి చూసింది. ఒకదాన్ని చూసి కుర్చీలోంచి లేచి నిలబడిందట.

అది రాతిఈగ. పిల్లప్పుడు పారే చల్లటి నీళ్ళలో రాళ్ళకింద పాకుతుంది. పెద్దదయ్యాక రాయెక్కి, బిగుతైన చొక్కా విప్పినట్టు పాత తోలు విప్పేసి, రెక్కలతో బయటికొస్తుంది. రాతిఈగలు చాలా రకాలున్నాయి. కానీ ఒళ్ళంతా తేనెరంగు, నుదుట గుండ్రటి నల్లబొట్టు ఉన్న ఈగ గురించి అప్పటిదాకా ఏ పుస్తకంలోనూ ఎవరూ రాయలేదు.

దొరికింది మగది ఒక్కటే. ఆడది కూడా దొరికాక పేరు పెట్టి పుస్తకానికి ఎక్కిద్దామనుకుంది మేడం. చీటీ విప్పి చూసింది. పాలగెడ్డ అని ఉంది.

అప్పుడు పాలగెడ్డకి వచ్చింది. రాళ్ళన్నీ తిరగేసింది. లేదు. నెల పోయాక మళ్ళీ వచ్చింది. మోకాళ్ళు దోక్కుపోయాయి గానీ ఈగ లేదు. అది చూసి ముత్యాలు వాళ్ళమ్మకి నవ్వాగలేదు. ఈగకి పేరు పెట్టడానికి ఇంత తిరుగుడేమిటమ్మా, మా నాలుగోదానికి మూడేళ్ళదాకా పేరే లేదు, అది పెరగలేదా అంది. ఊరంతా నవ్వింది. ముత్యాలు నవ్వలేదు.

సింహాద్రీ నవ్వలేదు. తనిచ్చిన పెన్నుతో ముత్యాలు ఒక్క అక్షరం రాయడం అతను చూస్తే ఒట్టు. నచ్చలేదు కాబోలు అనుకుని, ఆ పిల్లవైపు చూడటమే మానేశాడు. ముత్యాలుకి అదింకో ముల్లు.

మూడోసారి మేడం వచ్చేసరికి మబ్బులు నల్లబడ్డాయి. వానలు పడితే గెడ్డలు పొంగుతాయి. ఇదే ఆఖరు. సాయంత్రందాకా వెతికి వెతికి, ఒక రాయిమీద కూర్చుని వల మడిచేసింది. ఆ జాతిలో మిగిలిందల్లా ఆ ఒక్కటేనేమో, దాన్ని నా చేతులతో నేనే సీసాలో ముంచానేమో, అని నెమ్మదిగా అంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆ కన్నీళ్ళు చూశాక ముత్యాలు నోరు ఇంక మూతపడి ఉండలేదు.

“మేడంగారూ, అది పాలగెడ్డది కాదేమో. ఆవేళ నేను పెన్నుతో రాశాను. అక్షరాలు కరిగిపోయాయి. మళ్ళీ ఊహించి రాశాను.”

మేడం మడిచిన వలని మళ్ళీ విప్పింది. అది ముందు ఏ సీసాలో ఉండేదో అదైనా గుర్తుందా అని అడిగింది. గుర్తుందండి, పాలగెడ్డ చీటీ వేసినదానికి మూత లేదు, బెండు బిరడా ఉండేది అంది ముత్యాలు.

అవతల బుట్టలు సర్దుతున్న సింహాద్రి తలెత్తాడు.

“ఆ బిరడా నేను చెక్కిందే. తేనెగెడ్డలో మూత కొట్టుకుపోతే అక్కడికక్కడే పెట్టాను. నువ్వప్పుడు అవతలి ఒడ్డున పూలు కోసుకుంటున్నావు. ఒక్కమాట నన్ను అడగొచ్చుగా?”

అడగొచ్చు. అడిగితే పెన్ను సంగతి చెప్పాలి కదా, చిన్నీ.

మర్నాడు ముగ్గురూ తేనెగెడ్డకి వెళ్ళారు. మొదటి మలుపులో లేదు. రెండో మలుపులో లేదు. మూడో మలుపులో ఎండిన వెదురాకు మీద, నుదుట బొట్టు పెట్టుకుని, తేనెరంగు ఈగ కూర్చుని ఉంది. పొట్టతో ఆకుని కొడుతోంది. టక్ టక్ టక్. ఆగి వింటోంది. పక్క కొమ్మమీంచి సన్నగా, చెవి ఆనిస్తే గానీ వినపడనంత సన్నగా, టక్.

ఇవి పిలుచుకునేది ఇలాగే, మగది అడుగుతుంది, ఆడది బదులివ్వాలి, రాకపోతే పాపం మగది ఇంకో ఆకు వెతుక్కుంటుంది అని మేడం గుసగుసగా చెప్పింది. చుట్టూ చూస్తే ప్రతి ఆకుమీదా ఈగలే. మేడం ఒక్క ఆడదాన్నే పట్టుకుంది. పెన్సిలు తీసి ముత్యాలు చేతికిచ్చింది. తేనెగెడ్డ అని ముత్యాలు ఈసారి ఒత్తి ఒత్తి రాసింది. పుస్తకంలో ఆ ఈగకి ఆ గెడ్డ పేరే పెట్టారు.

తిరిగొచ్చేటప్పుడు మేడం వెనకపడింది. ముందు నడుస్తున్న సింహాద్రి, ఆ పెన్ను ఏమైంది అని అడిగాడు. చూరులో ఉందంది ముత్యాలు. నచ్చలేదా అన్నాడు, వెనక్కి తిరక్కుండానే.

ముత్యాలు మూడు అడుగులు వేసింది. ఆకుమీద ఆగి వింటున్న ఈగ గుర్తొచ్చింది.

“పెన్నూ నచ్చింది, ఇచ్చినవాడూ నచ్చాడు బావా. ఆ సంబరంలోనే పురుగు ఊరు పోగొట్టాను.”

టకటకమని ఈగ తన ఇంటికి,
గెడ్డ దాటి మన కథ కంచికి,
కునుకొచ్చెను చిన్ని నీ కంటికి.