రేకు చాటు మట్టి

కర్నూలు ఊరి చివర మోటారు సైకిళ్ళ షెడ్డు నడిపే దస్తగిరి మేస్త్రికి ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాళ్ళ చేతిలో ఒక పానా పెట్టి "చేసి చూడు" అంటాడు. చేసి చూసిన తర్వాత కూడా ఏమీ చెప్పడు. మనిషి మంచివాడే, పనిలో ఆయనకు సాటి వచ్చేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. అయినా ఈయన్ను అడగడం కంటే గోడను అడగడం నయమని ఆయన శిష్యులందరూ ఏదో ఒక రోజు విసుక్కున్నవాళ్ళే.

ఆ షెడ్డులో తయారయ్యేవి మామూలు బండ్లు కావు. మట్టి గుట్టల మీది నుంచి ఎగిరి దూకుతూ సాగే మోటోక్రాస్ పందేల బండ్లు. వాటికి లైటు ఉండదు, అద్దం ఉండదు, స్టాండు కూడా ఉండదు. అక్కడ ఆరేళ్ళుగా పని చేస్తున్న ప్రసూన ఒక రోజు బండిని కాటా మీద నిలబెట్టి, అంకె చూసి, మేస్త్రిని అడిగింది.

"మేస్త్రీ, పందెం బండికి బరువు ఎంత ముఖ్యం?"

ఊరికే అడిగిన ప్రశ్న కాదది. పోటీ నిబంధన ప్రకారం పెట్రోలు తీసేసి తూస్తే బండి తొంభై తొమ్మిది కేజీలకు తగ్గకూడదు. పెద్ద జట్ల బండ్లన్నీ ఆ గీతకు అరకేజీ పైన ఆడుతుంటాయి. వీళ్ళది నూట మూడున్నర. దాన్ని నడిపే ఓబులేసు వారమంతా జేసీబీ తోలి, ఆదివారాలు సాధన చేసేవాడు. నెల రోజుల్లో నంద్యాల దగ్గర ఆ ఏటి చివరి పందెం ఉంది. అందులో మొదటి మూడు స్థానాల్లో వచ్చినవాళ్ళను ఒక కంపెనీ నెల జీతం మీద తన జట్టులోకి తీసుకుంటానన్నది. ఇరవై ఏడు నిండినవాళ్ళను మాత్రం తీసుకోదు. ఓబులేసుకు ఇరవై ఆరు నిండి, అప్పటికి ఐదు నెలలు గడిచాయి. వాడికి ఇదే మొదలూ, ఇదే ఆఖరూ.

దస్తగిరి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"పందేనికి ముందు వాడు రెండు చెంబుల నీళ్ళు తాగుతాడు పాపా. ఆ బరువు యాడ తీస్తావు?" అన్నాడు. ఆమె నవ్వలేదు. ఆయన గూటిలోంచి ఎనిమిదో నంబరు పానా తీసి ఆమె చేతిలో పెట్టాడు. "సరే, తీయి."

నెల రోజులు ప్రసూన అదే పనిగా ఉంది. ఇనుప బోల్టులు తీసి టైటానియం బోల్టులు వేసింది. పొగ గొట్టం మార్చింది. సీటులోని స్పాంజి చెక్కింది. తీసిన ప్రతి ముక్కనూ చిన్న త్రాసులో పెట్టి, కూరగాయలు బేరమాడే ఇల్లాలిలా ముల్లు వైపు కళ్ళార్పకుండా చూసేది. చివరికి ఇంజను కింద రాళ్ళు తగలకుండా అడ్డం ఉండే అల్యూమినియం రేకు దగ్గరికొచ్చింది. దానికి నలభై రెండు చిల్లులు వేసి, అంచులు నున్నగా ఆకురాయి పట్టి, మేస్త్రికి చూపించింది. ఆయన ఒక చిల్లులో వేలు పెట్టి చూశాడు. వేలు తీసుకున్నాడు. బాగుందనలేదు, బాగాలేదనలేదు.

బండి తొంభై తొమ్మిదీ రెండు వందల గ్రాములు తూగింది. ఆ పూట ప్రసూనకు భూమి మీద కాలు నిలవలేదు.

పందేనికి రెండు రోజుల ముందు వాన పడింది. నంద్యాల వైపు నేల నల్లరేగడి. అది తడిస్తే నడిచేవాడి చెప్పుల్ని తన దగ్గరే ఉంచుకుంటుంది. అందుకే వాన పందేలకు ఇంజను కింద సందుల్లో పరుపుల అంగడి స్పాంజి కుక్కడం మెకానిక్కులకు పాత అలవాటు. సందు నిండి ఉంటే మట్టికి చోటు దొరకదు. పందెం రోజు ఉదయం అన్ని జట్ల వాళ్ళూ స్పాంజి కుక్కుతున్నారు. ప్రసూన కూడా ఒక ముక్క కోసింది, త్రాసులో పెట్టింది, నూట ఎనభై గ్రాములు చూపించేసరికి పక్కన పడేసింది. నెల రోజులు గ్రాము గ్రాముగా తీసిన మనిషికి చేతులారా నూట ఎనభై తిరిగి పెట్టడానికి మనసెలా ఒప్పుతుంది?

మొదటి మూడు చుట్లు ఆమె లెక్క అక్షరాలా నిజమైంది. గుట్ట మీద లేచిన ప్రతిసారీ ఓబులేసు బండి మిగతావాటికంటే మూరెడు ఎక్కువ ఎగిరింది, దిగిన చోట ముందుగా కుదురుకుంది. వాడు ముందున్నాడు, వెనక ఎవరూ దగ్గరలో లేరు. ప్రసూన గొంతు బొంగురుపోయేదాకా అరిచింది. నాలుగో చుట్టు నుంచి బండి ఎగరడం మానేసింది. తడి రేగడి నలభై రెండు చిల్లుల్లోంచి లోపలికి దూరి, రేకుకూ ఇంజనుకూ మధ్య గట్టిపడిపోయింది. దూరిన మట్టి బయటికి రాదు. చక్రాల మీది మట్టి వచ్చి రేడియేటరును మూసేసింది, నీళ్ళు మరిగి ఆవిరి లేచింది. ఓబులేసు భుజాల బలంతో దాన్ని ఈడ్చుకొచ్చాడు. ఒకరు దాటారు, ఇంకొకరు దాటారు. నాలుగోవాడు ఎమ్మిగనూరు నుంచి వచ్చిన ఈరన్న, చివరి మలుపులో పక్కకు వచ్చి ఒక చక్రం వాసి వెనకబడ్డాడు. మూడో స్థానం ఓబులేసుకే దక్కింది. వాడు హెల్మెటు తీసి ఏడ్చాడు. ప్రసూనా ఏడ్చింది. దస్తగిరి మాత్రం కాటా దగ్గరికి నడిచాడు.

పెట్రోలు తీసేసి, మట్టితో ఉన్న బండిని ఎక్కిస్తే నూట పదకొండు చూపించింది. నాలుగు కేజీలు తీయడానికి తాను నెల రోజులు పడితే, పన్నెండు కేజీలు పెట్టడానికి నేలకు పావుగంట చాలిందని ప్రసూనకు అక్కడే అర్థమైంది. అయితే ఏం, గండం గడిచింది కదా అనుకుంది. అసలు తూనికకు ముందు బండిని నీళ్ళ గొట్టంతో కడగాలి. కడగడం తప్ప రేడియేటరులో చుక్క నీరు గాని, బండికి ఒక్క బోల్టు గాని కలపకూడదు. ఆమె కడిగింది. కాటా తొంభై తొమ్మిదీ నాలుగు వందలు చూపించింది.

తూనిక అధికారి పెద్దాయన. కళ్ళజోడు సవరించుకుని వంగి బండి కిందికి చూశాడు. రేకు చిల్లుల్లో నల్లగా కనిపించేది నీడ అనుకున్నాడు. లేచి, రిజిస్టరు మీద కలం ఆనించి, మామూలుగా అడిగాడు.

"కడగడం అయిపోయిందా అమ్మా?"

పందేనికి ముందు రెండు వందలు మిగులున్న బండికి, పందెం తర్వాత నాలుగు వందలు మిగలదు. నీళ్ళు మరిగిపోయాయి, టైర్ల రబ్బరు అరిగింది, చేతి పిడి దగ్గరి రేకు ఒకటి ఊడిపోయింది. ఇన్ని పోయాక కూడా బరువు పెరిగిందంటే ఆ పెరిగింది ఎక్కడుందో అక్కడ ఉన్నవాళ్ళలో ఇద్దరికే తెలుసు. ప్రసూన మేస్త్రి వైపు చూసింది. ఆయన బండి వైపు చూస్తున్నాడు. ఈసారి చేతికి పానా కూడా ఇవ్వలేదు.

"లేదు సార్," అంది ప్రసూన. "రేకు లోపల మట్టి ఉండాది."

నాలుగు బోల్టులు విప్పితే రేకు ఊడింది. మట్టి ఒక్క పలకగా వచ్చింది. దాని మీద నలభై రెండు బుడిపెలు గుంతపొంగణాల వరసలా లేచి ఉన్నాయి. రేకు తిరిగి బిగించి తూస్తే తొంభై ఎనిమిదీ ఏడు వందలు, గీతకు మూడు వందల గ్రాములు తక్కువ. అధికారి రెండోసారి తూశాడు, మూడోసారి కూడా తూశాడు. ఆయనకూ ఇష్టం లేనట్టే ఉంది. తర్వాత ఓబులేసు పేరు మీద గీత గీశాడు.

ఓబులేసు అరవలేదు. అరిచినా బాగుండేదని ప్రసూన నాతో అన్నది. ఈ సంగతంతా నాకు చెప్పింది ఆమే. వాడు ఆమె ముందుకొచ్చి నిలబడి, "అయిందంటే అయిపోయేది గదక్కా," అన్నాడు. చేతి తొడుగులు విప్పుతూ, "ఎవురడిగినారు నిన్ను లోపల ఏముందని?" అన్నాడు. ఆ బురద బూట్లతోనే రోడ్డు దాకా నడిచి, కర్నూలు బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రెండు నెలలు షెడ్డు గడప తొక్కలేదు.

ప్రసూన వ్యాను పక్కన నేల మీద కూలబడింది. దస్తగిరి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నువ్వు చూసినావు మేస్త్రీ. ఆ చిల్లులో వేలు పెట్టి చూసినావు. అప్పుడే ఒక మాట చెప్పుంటే?"

"చెప్పాల్సింది," అన్నాడాయన. "పందెం నాటికి వాన పడదులే అనుకుంటి. అది నా తప్పే. రేపు వాని ఇంటికి పోయి చెప్తా."

ఆరేళ్ళలో ఆయన నోట తప్పు అనే మాట ఆమె విననే లేదు. అయినా ఆమె దుఃఖం ఆగలేదు. దుఃఖం కంటే కోపం ఎక్కువగా ఉంది, అది ఎవరి మీదో తెలియలేదు.

"మున్నూరు గ్రాములు మేస్త్రీ! దాంతో వాడు గెలిచిందేముంది? పన్నెండు కేజీల మట్టి మోసినాడు వాడు. మున్నూరు గ్రాముల వల్ల ఒక్క అడుగు కూడా ముందుకు పోలేదు. నా నోరు మూసుకొని ఉంటే వాని బతుకు నిలబడేది. ఎవురికి నష్టం?"

ఆమె చెప్తుంటే నాకూ దస్తగిరి మీద కోపమే వచ్చింది. దస్తగిరి గడ్డం ఎత్తి మైదానం అవతలి వైపు చూపించాడు.

అక్కడ ఎమ్మిగనూరు వాళ్ళ ఆటో ట్రాలీ ఉంది. నాలుగో స్థానానికి ఏమీ రాదని ఈరన్న అప్పటికే బట్టలు మార్చుకున్నాడు. వాళ్ళమ్మా, బావా కలిసి బండిని ట్రాలీలోకి ఎక్కించి తాళ్ళతో కట్టేశారు. మైకులో ఏదో చెప్పారు గాని ఇంజన్ల మోతలో వాళ్ళకు వినపడలేదు. ట్రాలీ కదలబోతుండగా ఎవరో పరుగెత్తుకెళ్ళి ఆపారు, ఈరన్న మూడోవాడయ్యాడని చేతులు ఊపుతూ చెప్పారు. ఈరన్న కదలకుండా నిలబడిపోయాడు. బావ తూనికకు బండి దించమన్నాడు. తాళ్ళు తడిసి, ముళ్ళు బిగిసి, ఎంతకీ రావడం లేదు. వాళ్ళమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, మట్టి ముడిని పంటితో పట్టి లాగుతోంది.

ప్రసూన చాలాసేపు చూసింది.

"ఇంతసేపూ ఆ మున్నూరు గ్రాములు," అన్నాడు దస్తగిరి లేస్తూ, "ఆయమ్మ మోసింది పాపా."