‘డా’తో మొదలయ్యే పేరు

అనగనగనగా, గోదారి నీళ్ళు తాగే ఒక ఊళ్ళో, హైమ అనే అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. ఊఁ కొట్టండర్రా! మీ ఊఁ వినపడకపోతే నా కథ కదలదు. ఆఁ, అదీ.

పాప పుష్యమి నాలుగో పాదంలో పుట్టింది. పేరు ‘డా’తో మొదలవ్వాలన్నారు పంతులుగారు. డాతో మనకేం పేర్లున్నాయర్రా? ఇంటిల్లిపాదీ తలలు పట్టుకున్నారు. అప్పుడు పాప మేనత్త మాలిని ఫోనంతా వెతికి, "డాఫ్నీ!" అని గంతేసింది. "గ్రీకు పురాణాల్లో పేరు వదినా. ఆకులు ఘుమఘుమలాడే చెట్టట. దేశదేశాల్లో పిల్లలకి తెగ పెట్టుకుంటున్నారట!"

హైమకీ నచ్చింది.

ఆ తర్వాత బారసాల వచ్చింది. పాప తండ్రి గిరిధర్ పళ్ళెంలో బియ్యం పరిచి, ఉంగరంతో పేరు రాయడం మొదలెట్టాడు. మూడుసార్లు రాయాలి కదా. అప్పుడు పాప నానమ్మ సూరమ్మగారు, "ఇంతకీ ఆ చెట్టు కథేంటే మాలినీ?" అంది.

మాలిని హుషారుగా అందుకుంది. "డాఫ్నీ అందాలరాశి. ఒక దేవుడు మోజుపడి వెంటపడ్డాడు. వద్దు వద్దంటూ పరిగెత్తింది. ఇక పరిగెత్తలేక, ‘నాన్నా, కాపాడు’ అని అరిచింది. వాళ్ళ నాన్న ఓ నది. ఆయన ఆ పిల్లని చెట్టుగా..." గొంతు తగ్గిపోయింది.

గిరిధర్ అప్పటికే ‘డా’ రాసేశాడు. హైమ చటుక్కున అతని చెయ్యి పట్టుకుంది. "వద్దండీ!"

"ముహూర్తం దాటిపోతోందమ్మా," అన్నారు పంతులుగారు.

అప్పుడు సూరమ్మగారు, "రోజూ నువ్వు నీళ్ళుపోసి మొక్కే తులసమ్మ ఎవరే? ఒకప్పుడు ఆడపిల్లే కదా. చెట్టయినా దేవత కాలేదూ?" అంది.

అవునా, కాదా? మీరే చెప్పండి. తులసమ్మకి ఓ దణ్ణం పెట్టుకోండి.

"చెట్టయిందని కాదత్తయ్యా నా భయం," అంది హైమ. "వెంటపడ్డవాడి సంగతేంటి?"

పాప కాళ్ళు తపతపా కొట్టుకుంటోంది.

ఆ తర్వాత గిరిధర్ మెల్లగా అన్నాడు. "ఆ నాన్న నది హైమా. గట్టు దాటి రాలేకపోయాడు. నాకు కాళ్ళున్నాయి. నా చిట్టితల్లి పిలిస్తే నేను పరిగెత్తుకెళ్తా."

హైమ అతని చెయ్యి వదిలింది. అతను మూడుసార్లూ రాశాడు. ఆమె పాప చెవిలో మూడుసార్లు పేరు చెప్పింది. అప్పుడు మరో మాట కూడా ఊదింది.

"భయమేస్తే గట్టిగా కేకెయ్యి తల్లీ. మేం వింటాం."

కథేమో కంచికి సాగిందీ,
కునుకేమో కంటిని తాకిందీ.