ఎగువ ఊట, ఆకలి లేని కోళ్లు

రోము నగరానికి ఒక పూట నడక దూరంలో పెద్ద కమతం ఒకటి ఉండేది. యజమాని ఏళ్ల తరబడి యుద్ధాల్లోనే తిరుగుతుండడంతో అక్కడి పెత్తనం జంతువుల చేతికి వచ్చింది. మనుషుల మధ్య పెరిగినవి కదా, అన్నీ మనుషుల్లాగే ఏర్పాటు చేసుకున్నాయి. గుర్రాలు దొరలయ్యాయి. వయసుమళ్లిన గుర్రాలు పన్నెండు, వీపుమీది గుడ్డకు ఊదారంగు అంచు కుట్టించుకుని ఒకచోట చేరి, దానికి సెనేట్ అని పేరు పెట్టుకున్నాయి. గాడిదలు, ఎద్దులు, గొర్రెలు, మేకలు సామాన్యులు. తెల్లారగానే ఎవరి దొర గుమ్మం దగ్గర వాళ్లు నిలబడి దండం పెట్టి, ఆయన విదిల్చిన గుప్పెడు బార్లీ తీసుకుని పనికి పోవాలి. ఆ గుప్పెడు కోసం ఒక్కోసారి గంటసేపు నిలబడాలి. ఇదేం బతుకని ఎవరూ అనుకోలేదు. పక్కవాళ్లు కూడా నిలబడే ఉన్నారు కదా, అదీ ధైర్యం.

కానీ ఆ వేసవి ఎవర్నీ కుదురుగా ఉండనివ్వలేదు. కొండవాలులో మంచి నీటి ఊట ఒకటి ఉంది. అది గుర్రాలదే. సామాన్యులు తాగేది దిగువ మడుగు. ఎండలకు మడుగు చిక్కబడి, పచ్చగా మారి, వాసన కొట్టడం మొదలైంది. గొర్రెలు నిలబడ్డ చోట నిలబడలేక మంద చుట్టూ తిరుగుతున్నాయి. మేకలు కారణం లేకుండా కొట్టుకుంటున్నాయి. తార్దుస్ అనే ముసలి ఎద్దు ఆ నీళ్లు తాగి పడిపోయి, నాలుగు రోజులుగా లేవలేదు.

తార్దుస్‌ను చూసి అందరికంటే ఎక్కువ కంగారు పడింది ఆసెల్లా అనే ఆడగాడిద. పన్నెండేళ్లుగా ఇద్దరూ ఒకే తిరగలి కాడి మోస్తూ పిండి విసిరారు. ఆమెకు కాలు బెణికినప్పుడు నెల రోజులు ఇద్దరి బరువూ తార్దుసే లాగాడు, ఎవరికీ చెప్పలేదు. ఇంకో వారం ఆ మడుగు నీళ్లే తాగితే అతను దక్కడని ఆసెల్లాకు తెలుసు. అతనికీ తెలుసు.

ఆసెల్లా ఊరికే బాధపడే గాడిద కాదు. ఆ ఏడాది ఆమె ట్రిబ్యూను. అంటే సామాన్యుల తరఫు పెద్ద. అంతకుముందటి ఏడాది సామాన్యులంతా పని మానేసి ఎదురు కొండెక్కి కూర్చుంటే, విసిరిన పిండి లేక గుర్రాలు ఐదో రోజుకు దిగొచ్చి ఇచ్చిన పదవి అది. ట్రిబ్యూను మీద ఎవరూ కాలు ఎత్తకూడదు. సెనేట్ కొత్తగా ఏం చేయబోయినా ట్రిబ్యూను "వద్దు" అంటే ఆగిపోవాలి. వినడానికి గొప్పగానే ఉంటుంది. అయితే ఆ మాటతో రాబోయేదాన్ని ఆపగలరు తప్ప, ఎప్పటినుంచో ఉన్న కట్టుబాటును కదిలించలేరు. దాన్ని కదిలించాలంటే దేవతల్ని అడగాలి.

దేవతల్ని అడగడమంటే కోళ్లను అడగడమే. గుడి ముందు పంజరంలో ఎనిమిది పవిత్రమైన కోళ్లు ఉండేవి. నెలకోసారి సభలో అడగవలసింది గట్టిగా అడిగి, పంజరం తలుపు తీసి, పిండి ముద్దలు వేసేవారు. కోళ్లు ఎగబడి తింటే దేవతలు సరేనన్నట్టు. ముట్టకపోతే కాదన్నట్టు. ఒకసారి తేలాక ఆ నెలకు మళ్లీ మాట లేదు. ఆ కోళ్లకు పూజారి రూఫిల్లుస్ అనే నక్క. కోళ్లకు నక్కను కాపలా పెట్టడం ఏం తెలివని మీరనవచ్చు. మాంసం ముట్టనని అతను నలుగురిలో ప్రమాణం చేశాడు. గుడ్ల మాట ఎవరూ అడగలేదు, అతనూ ఎత్తలేదు.

ఎగువ ఊటలో మాకూ వాటా ఇమ్మంటారా అని ఆసెల్లా అప్పటికి రెండు నెలలు వరసగా అడిగింది. రెండుసార్లూ కోళ్లు ముద్దల వంక చూసి మొహం తిప్పుకున్నాయి. రూఫిల్లుస్ తలమీద తెల్లగుడ్డ కప్పుకుని, కళ్లు మూసుకుని, దేవతలకు ఇష్టం లేదమ్మా, నేనేం చేయను అని ఎంతో జాలిపడ్డాడు. అదే, ట్రిబ్యూను పదవి ఇంకా లేని రోజుల్లో గుర్రాలు గాడిదల మీద ఇంకో బండి బరువు వేయమంటారా అని అడిగిన నాడు, అవే కోళ్లు ముక్కుల్లోంచి ముద్దలు జారిపడేలా తిన్నాయి.

తార్దుస్ పడిపోయిన నాలుగో రోజు ఆసెల్లా గుడి దగ్గరికి పోయింది. మూడో సభ ఇంకా రెండు రోజులు ఉంది. నక్క నిద్రపోతున్న మధ్యాహ్నం చూసి పంజరం పక్కన నిలబడి, అన్నిటికన్నా పెద్దదైన పిక్టా అనే చుక్కల కోడిని పలకరించింది. మా తార్దుస్ అన్న చచ్చిపోయేలా ఉన్నాడు, దేవతలకు మామీద అంత కోపమేమిటో నువ్వైనా చెప్పమని అడిగింది.

పిక్టా మెడ వంచి ఆమెను ఎగాదిగా చూసింది.

"దేవతల సంగతి నాకేం తెలుసే పిల్లా. నువ్వు అడిగేదానికి ముందు రోజు పూజారి మాకు మూడు గిన్నెల గింజలు పెడతాడు. గొంతు దాకా నిండాక పిండి ముద్ద ఎవరు తింటారు?"

"మరి దొరలు అడిగినప్పుడు?"

"అప్పుడు రెండు రోజులు పస్తు. ఆ ముద్దలు కాదు, పంజరం కర్రలు వేసినా తింటాం."

ఆసెల్లా కోపంగా ఇంటికి వచ్చి సంగతంతా చెప్పింది. సంగతి విన్న మేకలు వెంటనే పోయి నక్క బండారం బయటపెడదామన్నాయి. పడుకున్నచోటి నుంచే తార్దుస్ వద్దన్నాడు. ఒక కోడి మాట పట్టుకుని పూజారి మీద నింద వేస్తే నమ్మేదెవరు, నమ్మినా వాళ్లు నక్కను మార్చి ఇంకో నక్కను తెస్తారు, అంతేగా అన్నాడు. ఆ మాట అనడానికే అతనికి ఆయాసం వచ్చింది.

ఆసెల్లా ఆ సాయంత్రమంతా పాక ముందు అటూ ఇటూ తిరిగింది. మర్నాడు పొద్దున్నే సెనేట్ పెద్ద గ్రావియుస్ గుమ్మం దగ్గర దండాలకు నిలబడినప్పుడు, అందరికీ వినపడేలా ఏడ్చింది. రేపటి సభలో మళ్లీ ఊట సంగతే అడుగుతానని, ఈసారైనా దేవతలు కరుణించేలా దొరవారు దీవించమని వేడుకుంది. గ్రావియుస్ పెద్దమనసుతో దీవించాడు. ఆమె వీధి మలుపు తిరగకముందే నక్కకు కబురు పంపాడు. ఆ రోజు కోళ్లకు మూడు గిన్నెలు కాదు, ఐదు గిన్నెలు పడ్డాయి.

సభ రోజు వచ్చింది. గుర్రాలు ఒక వైపు, సామాన్యులు ఒక వైపు. ఎండకు, ఈగలకు, ఆత్రానికి ఎవరి కాళ్లూ నేలమీద నిలవడం లేదు. రూఫిల్లుస్ తెల్లగుడ్డ సర్దుకుని, అడగవమ్మా అన్నట్టు చూశాడు. అతని మొహంలో జాలి అప్పటికే సిద్ధంగా ఉంది.

ఆసెల్లా పంజరం ముందుకు వచ్చి గొంతెత్తింది.

"ఎగువ ఊట గుర్రాలకు మాత్రమే చెందాలన్న పాత కట్టుబాటు ఇకమీదట కూడా ఉండమంటారా? దేవతలే చెప్పాలి."

ఎవరికీ ముందు అర్థం కాలేదు. అందరికంటే ముందు అర్థమైనవాడు నక్క. నోరు తెరిచాడు గాని, తలుపు అప్పటికే తీసేశాడు, ముద్దలు అప్పటికే వేసేశాడు. పిక్టా ఒక ముద్దను చూసి, కాలితో పక్కకు నెట్టి, రెక్కల్లో తల దాచుకుంది. రెండో కోడి కూర్చుండిపోయింది. మూడోది ఆవులించింది. నక్క వంగి ముద్దల్ని వాటి ముక్కుల దగ్గరికి జరిపాడు. బుజ్జగించాడు. పళ్లు కూడా చూపించాడు. ఎనిమిది కోళ్లలో ఒక్కటీ ముట్టలేదు.

సామాన్యుల వైపు నుంచి మొదట చిన్న గుసగుస, తర్వాత గోల. గ్రావియుస్ నేలను డెక్కతో కొట్టి, కోళ్లకు ఇవాళ ఒంట్లో బాగోలేదు, ఈ తీర్పు చెల్లదు అన్నాడు.

ఆసెల్లా ఆయన వైపు తిరిగింది.

"అలాగే దొరా. ఒంట్లో బాగోలేని రోజు తీర్పు చెల్లదంటే, ఏయే రోజు వీటికి బాగుందో, ఏయే రోజు బాగోలేదో మొదటినుంచీ చూద్దాం. తమరిని సెనేట్ పెద్దగా ఒప్పుకున్నదీ ఈ కోళ్లే. అక్కడినుంచి మొదలుపెట్టమంటారా?"

మిగతా పదకొండు ముసలి గుర్రాలూ ఒక్కసారిగా గ్రావియుస్ వైపు చూశాయి. వాటిలో కనీసం నలుగురికి ఆ పదవి మీద ఎప్పటినుంచో కన్నుంది. గ్రావియుస్ ఆ చూపులన్నీ లెక్కపెట్టుకున్నాడు. గొంతు సవరించుకుని, దేవతల మాటకు తిరుగేముంది, నేటినుంచి ఊట అందరిదీ అన్నాడు. మళ్లీ దాన్ని గుర్రాలకే చేద్దామని ఎప్పుడైనా కొత్త కట్టుబాటు తెస్తే, "వద్దు" అనడానికి ట్రిబ్యూను ఉండనే ఉంది.

గొర్రెలు దారంతా తోసుకుంటూ ఊటకు పరిగెత్తాయి. మేకలు తొట్టితో నీళ్లు మోసుకొచ్చి తార్దుస్ ముందు పెట్టాయి. అతను మూతి ముంచి, చాలాసేపు తల ఎత్తలేదు. ఆసెల్లా పక్కనే నిలబడి అతను మింగే ప్రతి గుక్కా చూసింది. మూడో రోజుకు లేచి నిలబడ్డాడు. అప్పుడు ఆమెకు ఏడుపొచ్చింది, ఈసారి నిజంగా.

గుడి వెనక మాత్రం ఇంకో పంచాయితీ నడిచింది. కోళ్లు ఎందుకు తినలేదని గ్రావియుస్ పళ్లు కొరికాడు. నిండా పెట్టమన్నది తమరే కదా దొరా అని రూఫిల్లుస్ గొణిగాడు. అంతకుమించి ఇద్దరూ ఏమీ అనుకోలేకపోయారు, బయట జనం తిరుగుతున్నారు.

రూఫిల్లుస్ పూజారి పదవి పోలేదు. అదే అతనికి పడ్డ శిక్ష. సభ దగ్గర పడేకొద్దీ గింజల గిన్నె పట్టుకుని పంజరం చుట్టూ తిరుగుతాడు. పెడదామని తలుపు దాకా వచ్చి, ఆ గాడిద ఈసారి ఎటునుంచి అడుగుతుందో అని ఆగిపోతాడు. పస్తు ఉంచుదామని వెనక్కి పోయి, మళ్లీ పరిగెత్తుకొస్తాడు. పిక్టా కర్రల మధ్యనుంచి తల బయటపెట్టి, ఏదో ఒకటి తేల్చుకో బాబూ, ఆకలేస్తోంది అంటుంది.

నీతి: ఏ జవాబు రావాలో ముందే ఏర్పాటు చేసుకున్నవాడి దగ్గర, ప్రశ్న అడిగే హక్కును మాత్రం వదులుకోకూడదు.